పెనిమిటి పేరు

ఖరగ్‌పూర్,
4 మే 1963

తమ్ముడు వెంకటరావును దీవించి నీ అప్ప గంగాభవాని రాసేది,

నీ ఉత్తరం అందింది. మరదలికి జ్వరం తగ్గిందని చదివాక కుదుటపడ్డాను. ఇక్కడ ఎండలు పెంకులు పేలిపోయేలా ఉన్నాయి. మా అమ్మాయి గౌరి ఆరో తరగతి పుస్తకాలకు అప్పుడే అట్టలు వేసుకుని కూర్చుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ చిన్నబావ పోయి రెండు నెలలు దాటింది. రైలు కార్ఖానాలో ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషి కాబట్టి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామని ఆఫీసు నుంచి కబురొచ్చింది. స్టేషన్లో ఆడవాళ్ల వెయిటింగ్ రూమ్ చూసుకునే పని. ఊడ్చడానికి వేరే మనిషి ఉంది. వచ్చిన ఆడవాళ్ల పేరు, ఊరు, ఎక్కబోయే బండి ఒక పుస్తకంలో ఇంగ్లీషులో రాయడం నా పని. జూన్ ఇరవై ఎనిమిదిన ముగ్గురు ఆఫీసర్ల ముందు నిలబడాలి. వాళ్లు చెప్పిన పేర్లు రాసి చూపించాలి. పోయిన మనిషి వివరాల కాగితం నా చేత్తో నేనే నింపాలి.

అక్కడ తప్పితే ఉద్యోగం లేదు. క్వార్టర్ ఖాళీ చేసి అత్తవారి ఊరు చేరాలి. ఆ పల్లెలో బడి అయిదో తరగతితో సరి. గౌరి వేసుకున్న అట్టలన్నీ విప్పేసుకోవాల్సిందే. అది తలచుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

నువ్వు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారివి. నాకు ఉత్తరాల్లో నేర్పు. ఏబీసీడీలు గౌరి దగ్గర దిద్దుకున్నాను. వెక్కిరించావంటే నీకు చెవులు కుట్టిన రోజు నువ్వెక్కడ దాక్కున్నావో మరదలికి రాసేస్తాను.

నీ అప్ప,
గంగాభవాని


సోంపేట,
10 మే 1963

అప్పకు వెంకటరావు నమస్కారాలు.

వెక్కిరించను. కానీ నా దగ్గర చదివే పిల్లలకు బెత్తం తప్పదు. నువ్వు మూడు వందల మైళ్ల దూరంలో ఉండి బతికిపోయావు.

నీకు కావలసిందంతా ఒకే పాఠంలో ఉంది. దాన్ని ప్రాపర్ నౌన్ అంటారు. ఊరు అంటే ఏ ఊరైనా ఊరే, సోంపేట అంటే ఇదొక్కటే. నది అంటే ఏ నదైనా నదే, మహేంద్రతనయ అంటే మన నది ఒక్కటే. ఆడది అంటే లోకంలో సగం మంది, గంగాభవాని అంటే నువ్వొక్కతివే. నీలాంటిది ఇంకొకతి ఉంటే మేం తట్టుకోలేం. అలా ఒక్కరికే చెందిన పేరును ఇంగ్లీషువాడు పెద్ద అక్షరంతో మొదలుపెడతాడు, అది వాక్యం మధ్యలో వచ్చినా సరే. మనుషులు, ఊళ్లు, నదులు, బండ్లు, వారాలు, నెలలు అన్నిటికీ ఇదే పద్ధతి. స్టేషన్ అనే మాటకు చిన్న ఎస్ చాలు. ఖరగ్‌పూర్‌కు పెద్ద కె పడాలి.

వెనక కాగితం మీద పది వాక్యాలు రాశాను. నా పేరు ఫలానా, నా ఊరు ఫలానా, ఈరోజు ఫలానా వారం, నా భర్త పేరు ఫలానా అని. ఖాళీలు నింపి పంపు. వాటి కింద నీకు తోచినవి కూడా రాయి.

నీ తమ్ముడు,
వెంకటరావు


ఖరగ్‌పూర్,
17 మే 1963

తమ్ముడికి,

వాక్యాలు పంపుతున్నాను. పొద్దున్నే కార్ఖానా సైరన్ మోగగానే లేచి రాశాను. ఆ వేళకు మీ బావకు అన్నం డబ్బా కట్టడం ఇరవై ఏళ్ల అలవాటు. ఇప్పుడు చేతులకు ఏమీ తోచదు. పెన్సిల్ పట్టుకుంటే కొంచెం నయంగా ఉంది.

తొమ్మిది ఖాళీలు నింపాను. పదోది వదిలేశాను. ఎందుకని అడగకు.

గంగాభవాని


సోంపేట,
23 మే 1963

అప్పకు,

నీ కాగితం చూసి నీ మరదలు కూడా నవ్వింది, నేను మాస్టారిని కాబట్టి నవ్వలేదు. రైస్‌కు పెద్ద ఆర్, ఇంజన్‌కు పెద్ద ఇ, ఫైర్‌కు పెద్ద ఎఫ్ పెట్టావు. నీ పేరుకు మాత్రం చిన్న జి పెట్టుకున్నావు. మర్యాద చూసి అక్షరాలు పంచకూడదు అప్పా. అన్నం ఎంత గొప్పదైనా లోకమంతా అన్నమే. నువ్వు ఎంత చిన్నదానివైనా నువ్వొక్కతివే. నీకే పెద్దది పడాలి.

ఇక పదో ఖాళీ. అడగకు అన్నావు, అడుగుతాను. పెనిమిటి పేరు నోట పలకరాదనే పట్టింపు నాకు తెలియనిది కాదు. మన అమ్మ కూడా చచ్చేదాకా పలకలేదు. కానీ రాయడం పలకడం కాదు. ఆఫీసర్లు మొట్టమొదట అడిగేది ఆ పేరే. అక్కడ గీత గీసి ఇచ్చావంటే నీ అంత మొండిదానికి పని ఎందుకని పంపించేస్తారు. ఈసారి చిన్నబావ పేరు పెద్ద టి తో ఇరవై సార్లు రాసి పంపు. ఇది బతిమాలడం కాదు, మాస్టారి ఉత్తర్వు.

వెంకటరావు


ఖరగ్‌పూర్,
30 మే 1963

తమ్ముడికి,

నా పేరుకు పెద్ద అక్షరం పెట్టాను, చూసుకో. అన్నానికి చిన్నది పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. పెట్టాను కానీ మనసొప్పి కాదు.

నువ్వు అడిగిన ఇరవై సార్లు రాయలేదు, రాయను కూడా. పట్టింపు కోసం బిడ్డ చదువు పాడుచేసుకునే మనిషినా నేను? నీకు తెలియని సంగతులుంటాయి. మిగతావి నేర్పు, ఆ ఒక్కటీ నాకు వదిలెయ్.

నిన్న ఆఫీసు పెద్ద గుమాస్తాను కలిశాను. బెంగాలీ ఆయన, మంచివాడు. ఇంకో ఇద్దరు కూడా ఈ ఉద్యోగం కోసం అడుగుతున్నారని చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర నుంచి నాకు నిద్ర కరువైంది. దయచేసి ఈ ఉత్తరంతో ఆ గొడవ ఆపు.

గంగాభవాని


సోంపేట,
5 జూన్ 1963

అప్పకు నమస్కారాలు.

నీ కోపం నాకు కొత్త కాదు. నువ్వు మొండికేస్తే నేను చేతులు ముడుచుకుని కూర్చోలేను కదా. అందుకని నీ పని సగం నేనే చేసేశాను. మీ ఆఫీసుకు ఇంగ్లీషులో చక్కని ఉత్తరం రాశాను. ఈమె నా తోడబుట్టినది, స్వర్గస్థుడైన గొర్లె తవిటయ్య భార్య, నమ్మకమైన మనిషి, పేర్లు తప్పులేకుండా రాయగలదు అని. మా హెడ్మాస్టరు గారి చేత సంతకం చేయించి, స్కూలు ముద్ర కొట్టించి, నిన్ననే రిజిస్టరు పోస్టులో పంపాను. ఇక ఆ పేరు నువ్వు పలకనూ అక్కర్లేదు, రాయనూ అక్కర్లేదు. కాగితంలో ఉంది.

ఇప్పటికైనా తమ్ముడు ఉపయోగపడ్డాడని ఒప్పుకో.

వెంకటరావు


ఖరగ్‌పూర్,
10 జూన్ 1963

వెంకటరావూ,

ఎంత పని చేశావు. నన్ను అడక్కుండా ఎందుకు చేశావు.

ఇది చదివి పొయ్యిలో పెట్టు. మరదలికి కూడా చెప్పకు. పెళ్లయిన మూడో రోజున మీ బావ నా చేత ఒట్టు వేయించుకున్నారు, పుట్టింటివాళ్లకు కూడా చెప్పనని. ఆ ఒట్టు ఇవాళ తప్పుతున్నాను.

యుద్ధం రోజుల్లో కార్ఖానాలో మనుషులను తీసుకుంటున్నప్పుడు పిలుపు కాగితం వచ్చింది మీ బావకు కాదు, వాళ్ల అన్నగారికి. పెద్దబావ నూకయ్య గారు ఆ కాగితం పట్టుకుని ఖరగ్‌పూర్ దాకా వచ్చి, కార్ఖానా గేటు దగ్గర ఆ మోత విని, ఆ కొలుములు చూసి భయపడి వెనక్కి వెళ్లిపోయారట. ఇంట్లో తిండికి కరువు. కాగితం వృథా పోతుందని మీ బావ దాన్నే పట్టుకుని వెళ్లి లైన్లో నిలబడ్డారు. ఎవరూ అడగలేదు. పేరు పిలిస్తే పలికారు, అంతే. ఆ రోజు నుంచి కార్ఖానాలో ఆయన గొర్లె నూకయ్య. జీతం పుస్తకంలో, క్వార్టర్ కాగితంలో, గౌరి బడిలో, ఆఖరికి హాస్పిటల్ వాళ్లిచ్చిన చావు కాగితంలో కూడా నూకయ్యే. తవిటయ్య అనే మనిషి ఖరగ్‌పూర్‌లో ఏ కాగితంలోనూ లేడు. నువ్వు పంపిన కాగితంలో తప్ప.

ప్రాపర్ నౌన్ ఒక్కరిదే అన్నావు. ఈ పేరు ఇరవై రెండేళ్లుగా ఇద్దరిది, అందులో ఒకరు బతికే ఉన్నారు. పెద్దబావ గారి ముందుకు నేను ఇప్పటికీ తలుపు చాటు నుంచే వస్తాను. ఆఫీసు కాగితం నింపిన రోజున ఆయన భార్యనని నా చేత్తో రాసినట్టు. అయినా గౌరి కోసం రాద్దామని మనసు గట్టి చేసుకున్నాను. నీకు పంపే కాగితం మీద నిజం రాస్తే అలవాటైపోయి అక్కడా అదే రాస్తానేమోనని భయం. అబద్ధం రాస్తే నువ్వు అడుగుతావు. అందుకే ఖాళీ వదిలాను.

ఇప్పుడు నీ ఉత్తరం వాళ్ల బల్ల మీద ఉంటుంది. ఇరవై రెండేళ్లు పనిచేసింది ఎవడని అడిగితే ఉద్యోగం సంగతి అటుంచు, పోయిన మనిషిని దొంగ అంటారు. ఆ మాట గౌరి వినాలి. నాకేం చేయాలో తెలియడం లేదు.

గంగాభవాని


సోంపేట,
14 జూన్ 1963

అప్పా,

నీ ఉత్తరం కాల్చేశాను. ఏం రాయాలో తోచక రెండు కాగితాలు చింపాను. బడిలో పిల్లలు నా ముఖం చూసి పాఠం అడగలేదు.

నాదే తప్పు. నా గొప్ప చూపించుకోవడానికి ముద్ర కూడా కొట్టించాను. పొరపాటున రాశానని ఇంకో ఉత్తరం పంపనా? లేక బయల్దేరి వచ్చి వాళ్ల కాళ్లు పట్టుకోనా? నువ్వు చెప్పకుండా ఈసారి ఏమీ చేయను.

వెంకటరావు


ఖరగ్‌పూర్,
18 జూన్ 1963

తమ్ముడికి,

ఇంకో ఉత్తరం రాయకు. రావద్దు. జరిగింది చెబుతాను.

నిన్న పెద్ద గుమాస్తా పిలిపించాడు. నీ ఉత్తరం బల్ల మీద పరిచి పెట్టుకున్నాడు. "కే తవిటయ్య, బౌదీ?" అన్నాడు, ఎవరు ఈ తవిటయ్య, వదినా అని. తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆయన నన్ను కాసేపు చూసి, తనే నవ్వాడు. "ఓహో, డాక్‌నామ్?" అన్నాడు.

బెంగాలీలకు ప్రతి మనిషికీ రెండు పేర్లుంటాయి, నీకు తెలియదేమో. బడికీ ఆఫీసుకూ ఒకటి, ఇంట్లో పిలుచుకోవడానికి ఇంకోటి. ఆ ఇంట్లో పిలిచే పేరునే డాక్‌నామ్ అంటారు. ఆయనకు యాభై దాటినా వాళ్లమ్మ ఇప్పటికీ ఖోకా అనే, అంటే చంటిబాబు అనే పిలుస్తుందని చెప్పాడు. నేను తల ఊపాను. అంతే చేశాను. ఆయన నీ ఉత్తరం అంచున ఎర్ర సిరాతో ఏదో రాసుకున్నాడు. తల్లి పెట్టిన పేరు ముద్దుపేరైపోయింది. బయటికి వచ్చి గోడవారన కూర్చుని ఏడ్చాను.

కానీ అక్కడితో తీరలేదు. రెండు పేర్లున్నాయంటే పెద్దసాహెబ్ ఒప్పుకోడట. మనిషి ఒకడా ఇద్దరా అని అడుగుతాడట. పోయినవాడి ఇంటివైపు పెద్దలొకరు ఇరవై ఎనిమిదిన వచ్చి, పోయింది నూకయ్యే అని ఎదురుగా చెప్పాలి. ఆ ఇంట్లో పెద్దలంటే ఎవరున్నారు? పెద్దబావ గారు, ఆయన భార్య అప్పలనర్సమ్మప్ప, ఇద్దరే. నువ్వు వెళ్లి అడగాలి. నేను ఏ ముఖంతో రాయను?

గంగాభవాని


సోంపేట,
23 జూన్ 1963

అప్పా,

నిన్న మీ అత్తవారి ఊరు వెళ్లాను. పెద్దబావ వాకిట్లో కొబ్బరి కమ్మలు అల్లుతున్నాడు. సంగతంతా చెప్పాను. ఆయన అల్లడం ఆపలేదు, తల ఎత్తలేదు. "నానెల్తే మొదట నా పేరడుగుతారు బాబూ. నాకు అబద్దం రాదు. ఆ రోజూ బయమే, ఈ రోజూ బయమే. నా బయానికి తమ్ముడు ఆ నిప్పుల్లో ఇరవై రెండేళ్లు ఉడికినాడు" అన్నాడు. ఆయన కళ్లు తుడుచుకుంటే నేను చూడలేక అటు తిరిగాను.

ఇంతలో లోపల్నుంచి నర్సమ్మప్ప వచ్చింది. ఉద్యోగం మార్పిడి సంగతి ఆమెకు తెలుసు కానీ, చావు కాగితం పెద్దబావ పేరున ఉందని నా నోటనే మొదటిసారి విన్నది. "నా పెనిమిటి గోడలాగ కూకున్నాడు గదా. సచ్చిపోనాడని కాగితమేటి? నాను మెట్టెలు తీసెయ్యాలేటి? నీ అప్పకి పనుండాలని నాను ముండమొయ్యాలేటి? ఎల్లు, మా గుమ్మం తొక్కకు" అని తలుపేసింది. ఆమెను తప్పు పట్టలేను. నేను తిరిగి వచ్చేశాను. నీకు ఏమని రాయాలో తెలియక రాత్రంతా అలా పడుకున్నాను.

ఈరోజు ఆదివారం. తెల్లవారేసరికి నర్సమ్మప్ప మా వాకిట్లో మూటతో కూర్చుని ఉంది. నడిచి వచ్చిందట. "బండెన్ని గంటలకి?" అని మాత్రం అడిగింది. వెళ్లి ఏం చెబుతావని నేను అడిగితే, "ఆడపిల్ల సదువు" అంది. ఇరవై ఆరున ఆమెను పాసింజరు ఎక్కిస్తాను. అక్కడ ఆమె ఏం చెబుతుందో నాకు తెలియదు. నిజం చెప్పేస్తుందేమోనని నాకు భయంగా ఉంది. నువ్వు గుండె దిటవు చేసుకో.

వెంకటరావు


ఖరగ్‌పూర్,
29 జూన్ 1963

తమ్ముడికి,

అయిపోయింది. వరసగా చెబుతాను.

ముందు పేర్లు చెప్పి రాయించారు. బాలాసోర్, మద్రాస్ మెయిల్, మిసెస్ ఆలిస్ అనే దొరసాని పేరు, శుక్రవారం, జూన్. అన్నిటికీ పెద్ద అక్షరాలే పెట్టాను. తర్వాత కాగితం ఇచ్చారు. భర్త పేరు అన్నచోట ఆ పేరు రాశాను, పెద్ద ఎన్ తో. రాస్తున్నంతసేపూ నర్సమ్మప్ప నా వెనకే నిలబడి ఉంది. ఆమెకు చదువు రాదు. అయినా ఆ గీతలు తన వీపు మీద గీస్తున్నట్టే నాకు అనిపించింది.

పెద్దసాహెబ్ నీ ఉత్తరం, నా కాగితం పక్కపక్కన పెట్టాడు. కళ్లజోడు తీసి, "భర్త పేరు నోటితో చెప్పు" అని హిందీలో అడిగాడు. ఏ పేరు చెప్పను? మీ బావ పేరు చెబితే గౌరి చదువు పోతుంది. రెండోది నర్సమ్మప్ప ముందు నా నోట ఎలా వస్తుంది? తల దించుకున్నాను. పెద్ద గుమాస్తా కల్పించుకుని, "ఈ తెలుగు ఆడవాళ్లు మొగుడి పేరు చచ్చినా పలకరు సార్. ముప్పయ్యేళ్లుగా చూస్తున్నాను" అన్నాడు. సాహెబ్ నర్సమ్మప్ప వైపు తిరిగాడు, ఆయన మాటలు గుమాస్తా ఆమెకు తెలుగులో చెప్పాడు. "అయితే నువ్వు చెప్పు. నువ్వు ఎవరు?"

"పెద్దకోడల్ని" అంది. నీ భర్త పేరేమిటని అడిగితే నోరు విప్పలేదు. గుమాస్తా నవ్వి, చూశారా సార్ అన్నాడు. సాహెబ్ నవ్వలేదు. "పోయినవాడు ఎవరు? పేరు చెప్పు."

నేను నేల చూస్తున్నాను. అప్పుడు నర్సమ్మప్ప అంది, గొంతు తగ్గించకుండా, "నూకయ్య. గొర్లె నూకయ్య. మా మరిది. సచ్చిపోనాడు."

సాహెబ్ మళ్లీ అడిగాడు, తవిటయ్య ఎవరని. "అదీ ఆడే. ఇంట్లో అలగ పిలుత్తాము. నూకయ్య సచ్చిపోనాడు బాబూ, నా కల్లతో సూసినాను."

గుమాస్తా సాహెబ్ చెవి దగ్గర వంగి చెప్పాడు, పెద్దకోడలు అంత తేలిగ్గా పలికిందంటే అది ఆమె భర్త పేరు కాదు, నేను పలకలేకపోయానంటే అది నా భర్త పేరే, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి సార్ అని. సాహెబ్ సంతకం పెట్టాడు. ఎనిమిదో తారీఖు నుంచి రమ్మన్నారు.

బయటికి వచ్చాక నర్సమ్మప్ప ప్లాట్‌ఫారం మీద కుళాయి దగ్గర నోరు కడుక్కుంది. కడిగి, మళ్లీ కడిగి, చీరకొంగు తడిసిపోయేదాకా కడుక్కుంది. నేను కాళ్ల మీద పడితే లేవనెత్తింది కానీ ముఖం చూడలేదు. ఇంటికి రమ్మంటే రాలేదు. అన్నం తినలేదు. "ఆయనెలాగున్నాడో" అని ఒకటే మాట. పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని నమ్మే మనిషి, దాని పక్కనే చావు మాట కూడా పెట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు. మధ్యాహ్నం బండికే వెళ్లిపోయింది.

ఉద్యోగం వచ్చింది, సంతోషించాలి. నాకు సంతోషం రావడం లేదు. ఉత్తరం అందగానే వాళ్ల ఊరు వెళ్లు. పెద్దబావ గారు ఎలా ఉన్నారో నీ కళ్లతో చూసి రాయి.

గంగాభవాని


సోంపేట,
4 జూలై 1963

అప్పకు,

ఉత్తరం అందిన గంటలోనే బయల్దేరాను. పెద్దబావ క్షేమం. నేను వెళ్లేసరికి వానల ముందు పాక మీద కమ్మలు కప్పుతున్నాడు. నన్ను చూసి నిచ్చెన దిగాడు. నర్సమ్మప్ప తిరిగొచ్చిన దగ్గర నుంచి ఆయన్ను పొలం వెళ్లనివ్వడం లేదట, నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోందట. ఏం జరిగిందని అడిగితే, పనైపోనాది అని ఊరుకుందట.

నేను చెప్పేశాను. నువ్వు రాసింది రాసినట్టు చెప్పాను. కోపం వస్తుందేమో, కుమిలిపోతాడేమో అనుకుంటూనే చెప్పాను. ఆయన నిచ్చెన పట్టుకుని నిలబడి విన్నాడు. "నా పేరే అన్నాదా?" అన్నాడు. ఔనన్నాను. "ఎలగన్నాది?" అన్నాడు. గొర్లె నూకయ్య అని, గొంతు తగ్గించకుండా అందని చెప్పాను.

లోపల నర్సమ్మప్ప పొయ్యి ఊదుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన అటు చూస్తూ మెల్లగా అన్నాడు, "పెల్లై ముప్పై రెండేళ్లయినాది బాబూ. నా పేరు దాని నోట నానొక్కపాలైనా ఇన్లేదు. ఆల్లెవలో ఇన్నారు."

నీ తమ్ముడు,
వెంకటరావు